నీలి పొర: పిట్ట ముట్టని విస్తరి

విస్తరి పెట్టి గంటంబావు అయింది. ఒక్క మెతుకు కదల్లేదు.

వరస గదుల చాల్ పైకప్పున, గచ్చి మీద, పిట్టగోడ పక్కన, నాలుగు ఇటుకలు పేర్చి దాని మీద పెట్టారు. అన్నం, మటన్, వేయించిన బొంబిల్ చేపలు రెండు, గారెలు, గ్లాసులో కల్లు, పక్కన వెలిగించిన బీడీ. బీడీ తనంతట తానే కాలి బూడిదై రాలింది. భూమయ్య బతికి ఉన్నప్పుడు బీడీని అంతసేపు ఒంటరిగా వదిలిన మనిషి కాదు.

కాకులు లేవా అంటే ఉన్నాయి. కామాఠిపురాలో కాకులకేం కరువు? నీళ్ల ట్యాంకు మీద పదకొండు. భూమయ్య మనవరాలు మనాలి మూడుసార్లు లెక్కపెట్టింది. పదకొండూ ఇటే చూస్తున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. చూపుల కన్నా ఆ మౌనమే ఆమెను భయపెట్టింది.

"ఐదోనాడు ముట్టలే. ఇయ్యాల తొమ్మిదోనాడు. ఇయ్యాల గూడ ముట్టకపోతే ఏమనుకోవాలె అన్నా?" అంది నీత. భూమయ్యకు ఒక్కగానొక్క కూతురు. పొద్దున్నే వర్లి నుంచి టాక్సీలో దిగింది. దిగినప్పటి నుంచి అన్న పెంటయ్యను వదిలిపెట్టలేదు.

"నన్నేం జేయమంటవ్? చేతులు జోడిచ్చుకోని నిలబడ్డ గద," అన్నాడు పెంటయ్య.

"నిలబడితె అయితదా? అడుగు. ఏం కోరిక మిగిలిందో అడుగు."

ఈ ఇంట్లో ఆనవాయితీ అదే. పోయినవాళ్లకు ఏదో వెలితి ఉంటేనే పిట్ట ముట్టదు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి. సరైన మాట పడ్డప్పుడు కాకి దిగుతుంది. బతికున్నప్పుడు ఆ మనిషిని నోరారా ఏం కావాలని అడగనివాళ్లు కూడా ఆ రోజు మాత్రం తెగ అడుగుతారు.

పెంటయ్య గొంతు సవరించుకున్నాడు. "బాపూ, అవ్వను మంచిగ చూసుకుంట. తిను."

కాకులు కదల్లేదు.

"మనాలి పెండ్లి నేనే దగ్గరుండి చేస్త. తల్లి లేని పిల్లని నువ్వు ఫికర్ చేసెటోనివి. ఫికర్ వద్దు."

కదల్లేదు. అనికేత్ ముందుకొచ్చాడు. పెంటయ్య కొడుకు, మనాలికి అన్న. పుట్టి బుద్ధెరిగి తెలుగులో నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడింది లేదు. "తాత, తుఝా రేడియో మీ ఠేవీన్. నేనే పెట్టుకుంట. కసమ్," అన్నాడు.

ట్యాంకు మీద ఒక కాకి ముక్కు గోకింది. అంతే.

చివరికి నీతే ముందుకొచ్చింది. అందరినీ దబాయించిన గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "పోయిన బోనాలకు రమ్మని మూడుమాట్ల ఫోన్ జేసినవ్ బాపూ. ఇంట్ల పని ఉందన్న. పని లేకుండె. రాబుద్ధి గాలే. తప్పైంది," అంది. ఆ మాటతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంటయ్య మొహం తిప్పుకున్నాడు. అన్నాచెల్లెళ్లు చిన్నప్పుడు ఎలా ఏడ్చేవారో ఆ క్షణాన తెలిసింది.

అంత ఏడుపుకూ కాకి దిగలేదు.

మెట్ల గది నీడలో గోడకు ఆనుకుని కూర్చున్న భూమయ్య భార్య రాజవ్వ ఇప్పటిదాకా పెదవి విప్పలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు. మొగుడు పోయిన రోజు కూడా ఆమె గట్టిగా ఏడవలేదు. ఆమె కాకుల వైపు చూడటం లేదు. మనాలి వైపు చూస్తోంది.

మనాలి తల దించుకుంది. తాతకు ఏం కావాలో ఈ గచ్చి మీద తెలిసింది తనొక్కదానికేనని ఆమె నమ్మకం. తాతకు కావలసింది నిజం.

*

ఆ నిజం పెద్దదేమీ కాదు. ఒక గిన్నెడు అన్నం.

మనాలి, ఆమె కాలేజీ స్నేహితురాలు రుతుజ కలిసి రెండేళ్లుగా ఒక పొర తయారు చేస్తున్నారు. జొన్న గంజి, సముద్రపు నాచు నుంచి తీసే చైనాగ్రాసు కలిపి కాచి, దానిమ్మ తొక్కల కషాయం, లవంగ నూనె, శంఖపుష్పాల రంగు పోసి, పళ్లాల్లో పలచగా ఆరబెడితే వచ్చే పొర. తిండి చుట్టడానికి ప్లాస్టిక్ బదులు. పారేస్తే నెల రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది. దానిమ్మ, లవంగం బూజును దరికి రానివ్వవు. లోపల తిండి చెడిందా, పొర నీలం నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది. చేప మీద చూశారు, మటన్ మీద చూశారు, ప్రతిసారీ రంగు సరిగ్గా చెప్పింది.

ఇంట్లో వాళ్లకు అదొక పిచ్చి. భూమయ్యకు మాత్రం అది మనవరాలి కాయిదం. యాభై ఏళ్లు మేస్త్రీ పని చేసినవాడు కదా, పళ్లెంలో పొర ఎగుడుదిగుడుగా పరుచుకుంటే చేత్తో తడిమి చెప్పేవాడు. "ఈడ మందమున్నదే. మట్టం చూసుకో" అని.

పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున, ఆయన అటకలాంటి పోటుమాళా కింద అరలో పొర చుట్టిన గిన్నె చూశాడు. శుక్రవారం నాటి అన్నం.

"తాతా, అది తినేది గాదు. చూడనీకి పెట్టిన. నాలుగొద్దులాయె."

"నీలంగనే ఉన్నది గదనే."

"ఉన్నది గానీ..."

"నీ కాయిదం మీద నీకే భరోసా లేకుంటె బయటోనికి ఏం చెప్తవ్? సద్దన్నం తిని నాలుగంతస్తుల గోడలు లేపినోణ్ని నేను. పెరుగు పొయ్."

మనాలి నవ్వింది. పొర వైపు ఒకసారి చూసింది. నీలం, ఆకాశమంత నీలం. ఆయన వేళ్లతో సగం పళ్లెంలోకి తీసుకున్నాక పెరుగు పోసింది. మిగతా సగం గిన్నెలోనే ఉంచి తిన్నాడు. లవంగం వాసన బాగుందన్నాడు కూడా.

మధ్యాహ్నానికి వాంతులు. బుధవారం దవాఖానా. గురువారం తెల్లవారేసరికి మనిషి లేడు. ఎనభై రెండేళ్లు, గుండె ఆగిందని డాక్టరు రాశాడు. ఏం తిన్నాడని ఎవరూ అడగలేదు. శుక్రవారం మనాలి తనంతట తాను పుస్తకాలు తిరగేసింది. చేప చెడితే వచ్చే ఆవిరికే ఈ పొర రంగు మారుతుంది. అన్నం ఆ ఆవిరి లేకుండానే, వాసన లేకుండానే విషం కాగలదు. తాతను చంపింది ఆ అన్నమేనా, వయసేనా? చెప్పగలిగేవాళ్లు లేరు. చెప్పగలిగినవాణ్ని కాల్చేశారు.

అక్కడితో అయితే ఆమె ఒక్కతే మోసుకుని బతికేది. కానీ ధారావి వర్క్‌షాపులో పొర చుట్టలు సిద్ధంగా ఉన్నాయి. ఇవాళ ఒంటిగంటకు టెంపో వస్తుంది. దాదర్‌లో ఒక టిఫిన్ల వంటశాల సోమవారం నుంచి బడిపిల్లల డబ్బాలు ఈ పొరలో చుట్టి పంపుతుంది. మూడు వందల డబ్బాలు. సోమవారం మసాలా భాత్, అంటే అన్నమే. మైల ఉంది, కొన్నాళ్లు ఆపుదామని మనాలి బతిమాలింది. "నువ్వు రాకు, నేనొక్కదాన్నే చూసుకుంటా" అంది రుతుజ, మంచితనం కొద్దీ. ఇక ఆపాలంటే నిజం తప్ప దారి లేదు. నిజం చెబితే ఈ ఇంట్లో తన పేరు తాతను చంపిన పిల్ల. అందుకే తొమ్మిది రోజులుగా నోరు పెగలడం లేదు. పిరికితనమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

*

"ఇదేం వాసన?" అంది నీత.

అందరూ తిరిగారు. నీత విస్తరి మీదికి వంగి ముక్కు ఎగబీలుస్తోంది.

"లవంగం. బొంబిల్ల లవంగం ఎవలేస్తరు? అన్నం గూడ లవంగమే. మనాలీ, ఇది నీ కాయిదంల చుట్టినవా?"

మనాలి విస్తరి దగ్గరికి వచ్చింది. "చుట్టలేదత్తా. కప్పిన. తెల్లారకముందు వండినం గద, ఈగలు వాలుతున్నయని."

"పోయినోని కూడు మీద నీ తమాషాలా?"

"నేనే కప్పమన్న," అంది రాజవ్వ నీడలోంచి. గంటంబావులో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

నీత వినిపించుకునే స్థితిలో లేదు. "అందుకే ముడతలేదు! చీమ ముట్టనిది, ఈగ ముట్టనిది, పిట్ట ఎట్ల ముడతది? ఇంట్ల మనుషులు తిరగనీకి జాగ లేదు, తాడు కట్టి ఆ నీలి తోళ్లు ఆరేస్తరు. చచ్చేదాక బాపు వాటి కిందనే పండుకున్నడు. అన్నా, నీకు కండ్లు లేవా?"

పెంటయ్యకు కోపం ఎవరి మీద చూపాలో ఇప్పుడు దొరికింది. "బంద్," అన్నాడు. "ఇయ్యాల్టి నుంచి బంద్. బాపూ, ఇను. ఆ సామానంతా ఇంట్ల నుంచి తీసేయిస్త. పిల్లను ఏదన్న మంచి నౌకరీకి పంపిస్త. తిను బాపూ, బస్ జాలా, ఇగ చాలు."

రెండేళ్ల పని ఒక్క మాటలో పోయింది. మనాలికి ఏడుపు రావాలి. రాలేదు. లోపలెక్కడో తేలికయింది. లవంగం వాసనే కారణమైతే? కాకులకు ఆ వాసన పడలేదంతే అయితే? తాతకు కోపమూ లేదు, అడిగేదీ లేదు. ఎంత బాగుంటుంది!

"ఆగు పప్పా," అంది. "పొయ్యి మీద ఇంక అన్నం, చేపలు ఉన్నయ్. వాటికి పొర తగల్లే. వేరే విస్తరి తెస్త. అప్పుడు చూడుండ్రి."

మూడంతస్తులు దిగి తమ ఒంటిగది ఖోలీ తలుపు తీసింది. ఇల్లు ఖాళీగా ఉంది. తాడు మీద పొరలు వేలాడుతున్నాయి. కిటికీ మూసే ఉంది, గాలి లేదు. అయినా తాత మంచం మీదుగా వేలాడే రెండు పొరలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి, ఇప్పుడే ఎవరో వాటిని తల తగిలించి దాటినట్టు. తలుపు తీసిన గాలికే అని చెప్పుకుంది. తలుపు పక్కనున్న పొరలెందుకు ఊగలేదో చెప్పుకోలేదు.

పొయ్యి దగ్గర కొత్త విస్తరి సర్దింది. తిరిగి పోతుంటే కాళ్లు అర దగ్గర ఆగాయి. తొమ్మిది రోజులుగా అటు చూడలేదు. ఇప్పుడు చూసింది.

సగం మిగిలిన ఆ గిన్నె అక్కడే ఉంది. పొర అలాగే కప్పి ఉంది, నీలంగా. ఎత్తి చూసింది. పద్నాలుగు రోజుల అన్నం తెల్లగా, పొడిపొడిగా, ఇందాక దించినట్టు ఉంది. బూజు లేదు, నీరు లేదు. లవంగం వాసన తప్ప ఇంకే వాసనా లేదు. ఒక పక్కన తాత వేళ్లు తీసిన గుంట కూడా చెక్కుచెదరలేదు. అర మీద చీమల బారు ఒకటి గోడ వెంట నేరుగా వచ్చి, గిన్నెకు జానెడు దూరంలో పక్కకు తిరిగి, చుట్టూ తిరిగి, మళ్లీ గోడ పట్టుకుని పోతోంది.

చీమలకు తెలిసింది. తనకు తెలియలేదు. మనాలి పొర వదిలేసి విస్తరి పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తింది.

*

కొత్త విస్తరి పెట్టి అందరూ వెనక్కి జరిగారు.

ఈసారి కాకులు దిగాయి. ట్యాంకు మీద నుంచి ఒక్కొక్కటే పిట్టగోడ మీద వాలాయి, వరసగా, తోపులాట లేకుండా. అనికేత్ ఊపిరి వదిలాడు. "ఆలే, ఆలే, వచ్చినయ్," అన్నాడు.

ముందున్న కాకి ఇటుకల మీదికి దూకింది. విస్తరి చుట్టూ నడిచింది. ఒక చుట్టు. రెండు చుట్లు. చేప దగ్గర ఆగి తల వంచింది. నీత చేతులు జోడించింది. కాకి తల ఎత్తి తిరిగి పిట్టగోడ మీదికి పోయి, మిగతావాటి పక్కన నిలబడింది.

కింద గల్లీలో స్కూటర్ల హారన్లు కూడా ఎక్కడో దూరంగా వినిపించాయి. పొర తగలని అన్నం. లవంగం లేదు. అయినా ముట్టలేదు. పెంటయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు. అతనికి భయం వేసింది, దాచుకోలేకపోయాడు.

ఇంక తప్పదు. మనాలి ముందుకు కదిలింది. "తాతా," అంది. "తాతా, నేను..."

చల్లని చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది. రాజవ్వ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వచ్చిందో తెలియదు. "జరుగు," అంది. "పెంటిగా, నువ్వు, నీ చెల్లె, పోరడు, ముగ్గురు మెట్ల కాడికి పోండ్రి. నేను మాట్లాడ్త."

వాళ్లు పోయారు. మనాలి చెయ్యిని మాత్రం ముసలావిడ వదల్లేదు. విస్తరి ముందు నిలబడి, యాభై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషితో మాట్లాడినట్టే, విసుగ్గా, మెల్లగా మాట్లాడింది.

"అయింది తియ్. ఎంతసేపు సతాయిస్తవ్? దవాఖాన్ల చెప్పినవ్ గద, మర్చిపోలే. పిల్ల మీదికి రానియ్య. ఆ అన్నం సంగతి నా నోట్ల నుంచి రాదు. దాని నోట్ల నుంచి గూడ రానియ్య. నాతోనే కాట్లె కలుస్తది. ఇగ తిను."

ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు. కాకి దిగింది.

చేప ముక్క ఎత్తుకుంది. ఇంకోటి దిగింది, ఇంకోటి. రెక్కల చప్పుడు, ముక్కుల చప్పుడు. మెట్ల దగ్గర నీత "బాపూ" అని గట్టిగా ఏడ్చింది. పెంటయ్య మోకాళ్ల మీద కూలబడి నేలకు దండం పెట్టాడు.

మనాలి ముసలావిడ వైపు తిరిగింది. "అవ్వా," అంది. "నీకు ఎర్కనా?"

"ఆయననే చెప్పిండు. పిల్ల భయపడ్తది, చెప్పకు అన్నడు. నాకు ఎర్కనని నీకు తెల్వకుండనే ఉండాలనుకున్న."

"అవ్వా, సోమవారం మూడు నూర్ల డబ్బాలు పోతయ్. బడి పిల్లలు. అన్నమే పెడ్తరు. నేను చెప్పాలె."

రాజవ్వ కాకుల వైపు చూస్తూనే ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. తొమ్మిది రోజుల తర్వాత మొగుడు తింటున్నాడన్న తృప్తి ఉంది. "నీ ఎదురుంగనే మాటిచ్చిన," అంది. "మాట తీసుకోని తింటుండు. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తె ఆయన తిన్నది కక్కిచ్చినట్టే. మల్ల ఎన్నడు ముట్టడు. ఆకలితోని ఈ ఇంట్లనే తిరుగుతడు. గంతనా నీకు కావాల్సింది?"

తాత ప్రేమకు మనాలి మొదటిసారి భయపడింది. చివరి ఊపిరిలో కూడా తనను కాపాడాలనుకున్నాడు. కాపాడినందుకు కృతజ్ఞతా ఉంది, ఊపిరాడనంత కోపమూ ఉంది. ఎవరి మీద కోపపడాలి? చనిపోయినవాడి మీదా?

ఫోన్ మోగింది. రుతుజ.

"టెంపో ముందే వచ్చేసింది," అంది రుతుజ మరాఠీలో, హడావుడిగా. "లోడ్ చేసేశాం. అక్కడ అంతా అయిందా? తాతకు నైవేద్యం ముట్టిందా?"

"ముట్టింది," అంది మనాలి.

"హమ్మయ్య. మరి బండి పంపేయనా?"

రాజవ్వ వేళ్లు మణికట్టు మీద బిగిశాయి. మనాలి కళ్లు మూసుకుంది. ఊహించాలనుకోలేదు, అయినా కళ్ల ముందు నిలిచింది. ఎవరో ఒక పిల్ల డబ్బా తెరుస్తోంది. పొర నీలంగా ఉంది. ఆ పిల్ల నవ్వుతోంది.

"పంపకు," అంది.

"ఏమన్నావ్?"

"పంపకు రుతుజా. దింపెయ్. ఒక్క చుట్ట కూడా దాదర్ పోవద్దు."

గొంతు అనుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. మెట్ల దగ్గర ఏడుపు ఆగింది. పెంటయ్య నేల మీద నుంచి తల ఎత్తాడు. నీత కొంగు దించింది.

"ఎందుకు? పిచ్చా నీకు? వాళ్లకేం చెప్పమంటావ్?" ఫోన్‌లో రుతుజ అరుస్తోంది.

పెంటయ్య లేచి నాలుగడుగులు వచ్చాడు. "ఏం పంపద్దంటున్నవ్?" అన్నాడు. "ఎందుకు, బేటా?"

మనాలి తండ్రి వైపు తిరిగింది. నోరు తెరిచింది.

పిట్టగోడ దగ్గర చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. కాకులు తినడం మానేసి, పదకొండూ తలలెత్తి ఆమెనే చూస్తున్నాయి.